టాబీ తార మసకబారడానికి ధూళే కారణమంటే సమస్య తీరినట్టేనా?

అనంత భౌతికం (అనంతపురం):
హంస రాశిలో, మనకు దాదాపు 1,470 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న టాబీ తార చుట్టూ గ్రహాంతరవాసులు కట్టడం కట్టారంటూ మళ్లీ వీడియోలు తిరుగుతున్నాయి. కెప్లర్ టెలిస్కోపు ఆ తార వెలుగు 2011లో సుమారు 15 శాతం, 2013లో సుమారు 22 శాతం తగ్గినట్టు నమోదు చేసిన మాట నిజం. గురుగ్రహమంతటిది అడ్డొచ్చినా సూర్యునివంటి తారకు తగ్గేది ఒక శాతమే కనుక అందరూ ఆశ్చర్యపోయారు. అయితే 2017లో వేర్వేరు ఫిల్టర్లతో కొలిచినప్పుడు నీలి కాంతి ఎక్కువగా, ఎర్ర కాంతి తక్కువగా తగ్గింది. గట్టి కట్టడం అడ్డొస్తే అన్ని రంగులూ సమానంగా తగ్గాలి. దుమ్ము లేచిన సాయంత్రం సూర్యుడు ఎర్రబడినట్టు, రంగును బట్టి కాంతిని ఆపేది సన్నని ధూళి. టబేథా బోయాజియన్ బృందం 2018 జనవరిలో ఈ ఫలితాన్ని ప్రకటించింది. దానితో చర్చ ముగిసిందని నా అభిప్రాయం.

పెన్నా ఒడ్డు (కడప):
సార్, ధూళి అన్నది అడ్డొచ్చినదాని పేరే గాని, అది అక్కడికి ఎలా వచ్చిందో చెప్పే కారణం కాదు. అంత సన్నని రేణువులను తార కాంతి పీడనమే బయటికి నెట్టేస్తుంది కనుక అవి ఎప్పటికప్పుడు కొత్తగా పుడుతూ ఉండాలి. పుట్టిస్తున్నది తోకచుక్కలా, ముక్కలైన ఉపగ్రహమా? తారకు దగ్గరగా ధూళి దండిగా ఉంటే అది వేడెక్కి అదనపు పరారుణ కాంతి కనబడాలి, అదీ కనబడలేదు.

మిద్దె మీది చుక్కలు (కర్నూలు):
మన ఆరుద్ర నక్షత్రం కూడా 2020 ఫిబ్రవరిలో ఇలాగే మసకబారింది. వేటగాడి (ఓరియన్) రాశిలో గొల్లకావడికి పైన ఉండే వేటగాడి రెండు భుజాల్లో ఎప్పుడూ ప్రకాశవంతంగా ఉండే ఆరుద్ర, ఆ రోజుల్లో మా మిద్దె మీద నుంచి చూస్తే రెండో భుజమైన బెల్లాట్రిక్స్‌తో సమానంగా కనబడింది. తార తానే వెళ్లగక్కిన వాయువు చల్లబడి ధూళిగా మారిందని తర్వాత తేల్చారు.

పెన్నా ఒడ్డు:
ఆరుద్ర ముసలి మహాతార, ధూళిని తానే పుట్టించుకోగలదు. టాబీ తార సూర్యునికంటే కొంచెం పెద్దదైన మామూలు తార, దానికి ఆ గుణం లేదు. పైగా హార్వర్డ్ వేధశాలలో దాచిన ఆకాశపు పాత ఫొటో పలకలను బట్టి అది 1890 నుంచి 1989 వరకు నెమ్మదిగా మసకబారుతూ వచ్చిందని ఖగోళ శాస్త్రజ్ఞుడు బ్రాడ్లీ షేఫర్ 2016లో చెప్పారు.

అనంత భౌతికం:
ఆ పలకలు వేర్వేరు టెలిస్కోపులతో తీసినవి. ఆ తేడా వల్లే తార మసకబారినట్టు అనిపిస్తోందని మైకేల్ హిప్కే అభ్యంతరం చెప్పారు. పలకలను సాక్ష్యంగా తేవద్దు.

పెన్నా ఒడ్డు:
పలకలను వదిలేద్దాం. కెప్లర్ సొంత చిత్రాల్లోనే నాలుగేళ్లలో సుమారు 3 శాతం తగ్గిందని మాంటే, సైమన్ చూపారు కదా. దానికి జవాబివ్వండి.

అనంత భౌతికం:
నెమ్మదిగా తగ్గినదానికీ ధూళే చాలు. మీరు ఎటు తిప్పి ఎటు తెచ్చినా గ్రహాంతరవాసులకు తలుపు తెరిచి ఉంచాలనే చూస్తున్నారు.

పెన్నా ఒడ్డు:
ఆ మాట నేను ఒక్కసారైనా అన్నానా? మా అమ్మాయి బడిలో సైన్సు ప్రదర్శనకు ఈ తార మీదే చార్టు గీసి, చివర "ధూళికి మూలం ఇంకా తెలియదు" అని రాసింది. జవాబు లేని చార్టును ప్రదర్శనకు ఎందుకు తెచ్చావని న్యాయనిర్ణేత అందరి ముందూ అడిగి మార్కులు తీసేశారు. "చర్చ ముగిసింది" అని మీరు రాసినప్పుడు నాకు ఆయన గొంతే వినిపించింది.

మిద్దె మీది చుక్కలు:
దయచేసి ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

అనంత భౌతికం:
నెమ్మదిగానే చెబుతాను. తరగతిలో నేను "తెలియదు" అన్న మరునాడే పిల్లలు ఫోన్లో ఆ వీడియో పట్టుకొచ్చి, సార్‌కు తెలియనిది ఇతనికి తెలుసంటారు. తేలిన భాగాన్ని ముందు గట్టిగా చెప్పకుండా తెలియనిదాన్ని చెబితే, ఆ ఖాళీలోకి అబద్ధం వచ్చి కూర్చుంటుంది. నాకు కోపం వచ్చేది అందుకే, మీ ప్రశ్న మీద కాదు. ఆ చార్టు నా ముందుకు వచ్చి ఉంటే, నీలి, ఎర్ర కాంతుల కొలతలు ఎక్కడని అడిగేవాడిని. అవి లేకుండా "తెలియదు" అని రాస్తే నేనూ మార్కులు ఇచ్చేవాడిని కాదు.

పెన్నా ఒడ్డు:
ఆ కొలతలు నీలి గీత ఒకటి, ఎర్ర గీత ఒకటిగా ఆ చార్టులోనే ఉన్నాయి సార్. వాటి కిందే తెలియదని రాసింది.