టీ రేటు తగ్గిస్తే సముద్రంలో పారబోయడం ఏంటండీ?

డల్లాస్_నాన్న:
మా వాడు ఇక్కడ ఫిఫ్త్ గ్రేడ్, సోషల్‌లో బోస్టన్ టీ పార్టీ నడుస్తోంది. నేను చిన్నప్పుడు చదివింది గుర్తున్నంతలో "బ్రిటిష్ వాళ్ళు టీ మీద పన్ను తెగ పెంచేశారు, జనానికి ఒళ్ళు మండి పెట్టెలన్నీ సముద్రంలో పడేశారు" అని చెప్పేశా. వాడు పుస్తకం తెచ్చి చూపించాడు, 1773 టీ యాక్ట్ వల్ల రేటు తగ్గిందట, కొత్త పన్ను అసలు వెయ్యనే లేదట. "నాన్నా, నువ్వు రాంగ్" అన్నాడు, వాళ్ళమ్మ వంటింట్లోంచి ఒకటే నవ్వు. చవగ్గా వస్తుంటే హాయిగా కొనుక్కుని తాగక ఈ పారబోతలేంటి? సోమవారం ప్రాజెక్ట్ ఇవ్వాలి, పరువు కాపాడండి.

మాస్_మహేష్:
సింపుల్ అన్నా. మన అస్సాం టీ దోచుకెళ్ళి వాళ్ళకి అమ్మారు, వాళ్ళకి నచ్చలా 😂

పాత_మాస్టారు:
మీ అబ్బాయే కరెక్టండీ. ముందు మహేష్ బాబూ, అది అస్సాం టీ కాదు, అక్కడ తోటలు 1830ల తర్వాత వచ్చాయి. ఆ పెట్టెల్లో ఉన్నదంతా చైనా సరుకు, ఎక్కువ భాగం బోహీ అనే నల్ల టీ, కాస్త గ్రీన్ టీ కూడా. కాకపోతే సరుకు ఈస్టిండియా కంపెనీది, అక్కడ మనకి చుట్టరికం ఉంది. 1770లో బెంగాల్ కరువు, 1772లో లండన్లో బ్యాంకులు కుదేలవడం, అన్నీ కలిసి కంపెనీ దివాలా అంచుకొచ్చింది, గోడౌన్లలో 77 లక్షల కిలోల దాకా టీ మూలుగుతోంది. పార్లమెంటు 14 లక్షల పౌండ్లు అప్పిచ్చింది, సరుకు కదలడానికి ఈ టీ యాక్ట్ చేసింది. అంతకుముందు లండన్లో వేలం వెయ్యాలి, అక్కడి హోల్‌సేల్ వాళ్ళు కొనాలి, వాళ్ళ దగ్గర అమెరికా వ్యాపారులు కొనాలి. ఇప్పుడు కంపెనీయే నేరుగా పంపచ్చు, ఇంగ్లండులో కట్టిన సుంకం కూడా వాపసు. రేటు పడింది అందుకే.

కానీ అమెరికాలో దిగేటప్పుడు పౌనుకి 3 పెన్స్ సుంకం మాత్రం అలాగే ఉంచారు. అది 1767 నాటిది. గాజు, కాగితం, రంగులు, సీసం మీద వేసినవి 1770లో ఎత్తేసి, టీ మీద ఒక్కటి ఉంచారు, ఎందుకంటే మీ మీద పన్ను వేసే హక్కు మాకుంది అని చూపించుకోడానికి. మీ పార్లమెంటులో మా మెంబరు ఒక్కడూ లేనప్పుడు మా మీద పన్నేంటి అని అమెరికా కాలనీల వాళ్ళ గొడవ. ఇంకోటుంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ గవర్నరుకి అంతకుముందు జీతం అక్కడి అసెంబ్లీ ఇచ్చేది, ఆయన తోక జాడిస్తే జీతం ఆపచ్చు. 1772 నుంచి ఆ జీతం రాజుగారే సుంకాల డబ్బులోంచి ఇవ్వడం మొదలెట్టారు. చేతిలో పగ్గం పోయింది. అలాంటప్పుడు చీప్ టీ కప్పులో పోసుకున్నామంటే ఆ పన్నుకి తలూపినట్టే కదా.

కొట్టు_శీను:
మాస్టారు హక్కుల సంగతి చెప్పారు, నేను గల్లాపెట్టె సంగతి చెప్తా, మాది కిరాణా కుటుంబం. కంపెనీ తన టీ అమ్మడానికి ఊరికి కొద్దిమందినే ఏజెంట్లుగా పెట్టుకుంది, బోస్టన్లో అయితే అందులో ఇద్దరు సాక్షాత్తూ గవర్నర్ హచిన్సన్ కొడుకులు! మిగతా వ్యాపారులు చూస్తూ కూర్చోవాలి. పైగా అప్పట్లో అక్కడ డచ్ వాళ్ళ దగ్గర్నుంచి దొంగతనంగా వచ్చే టీ బోలెడు, కంపెనీ టీ దానికంటే చవకైతే స్మగ్లర్ల నోట్లో మట్టే. కాబట్టి అందరూ దేశభక్తితోనే దిగారంటే నేను నమ్మను అన్నా. మా ఊళ్ళో పెద్ద మార్ట్ తెరిచినప్పుడు ఆర్నెల్లు పంచదార మా కొనుగోలు రేటు కన్నా తక్కువకి అమ్మారు, జనం సంబరపడ్డారు, మా నాన్న మాత్రం తక్కెడ తుడుచుకుంటూ కూర్చునేవాడు. మా సందులో మూడు కొట్లు మూతపడ్డాక అక్కడా రేట్లు పైకెక్కాయి.

బోస్టన్_లక్ష్మి:
ప్రాజెక్టులో ఆ రాత్రి సంగతి రాయించండి అన్నయ్యా, పిల్లలకి అదే నచ్చుతుంది. డార్ట్‌మత్ అనే ఓడ నవంబర్ 28న వచ్చింది. 20 రోజుల్లో సుంకం కట్టి దించకపోతే కస్టమ్స్ వాళ్ళు సరుకు జప్తు చేస్తారు, అంటే డిసెంబర్ 17. వెనక్కి పంపాలంటే గవర్నర్ పాస్ ఇవ్వాలి. 16న ఓల్డ్ సౌత్ మీటింగ్ హౌస్‌లో దాదాపు 5 వేల మంది వానలో తడిసి వచ్చి కూర్చుంటే, ఓడ ఓనరు రాచ్ అనే కుర్రాడిని మిల్టన్లో ఉన్న గవర్నర్ ఇంటికి పంపారు, వాడు చీకటి పడ్డాక తిరిగొచ్చి ఇవ్వనన్నాడని చెప్పాడు. అంతే, మొహాలకి మసి పూసుకుని, దుప్పట్లు కప్పుకుని, మోహాక్ అనే అక్కడి ఆదివాసుల వేషంలో గొడ్డళ్ళతో రేవుకి బయల్దేరారు. మూడు ఓడలు, 340 పైచిలుకు పెట్టెలు, 42 వేల కిలోలు, సుమారు మూడు గంటల్లో ఖాళీ. మిగతా సామాను ముట్టుకోలేదు, ఒక తాళం పగిలితే కొత్తది తెచ్చిచ్చారట. ఒకాయన మాత్రం కోటు లైనింగ్‌లో టీ కుక్కుకుంటూ దొరికిపోయాడు, చితక్కొట్టారు 😄

నాకు భలే అనిపించింది ఏంటంటే, ఆ టైంలో సముద్రం పోటు తగ్గి నీళ్ళు లోతు లేవు, టీ ఓడల పక్కనే గడ్డివాములా పేరుకుపోయిందట. మర్నాడు పొద్దున్న జనం ఏరుకోకుండా పడవల్లో వెళ్ళి తెడ్లతో కొట్టి నీళ్ళలో కలిపేశారు. ఇక్కడ ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఆకుని ఎవరో సీసాలో దాస్తే అది ఇప్పటికీ ఉంది. అన్నట్టు, అప్పుడు దీన్ని పార్టీ అని ఎవరూ అనలేదు, ఆ పేరు యాభై ఏళ్ళ తర్వాత వచ్చింది. 1774 జూన్ 1న బ్రిటిష్ వాళ్ళు రేవు మూసేశారు, పారబోసిన టీ డబ్బు కట్టేదాకా తెరవం అని. మిగతా కాలనీలు బియ్యం, గొర్రెలు పంపి బోస్టన్‌ని ఆదుకున్నాయి, ఆ సెప్టెంబర్లోనే ఫిలడెల్ఫియాలో కాలనీల ప్రతినిధుల సభ, కాంగ్రెస్ అనేవారు, కూర్చుంది.

పాత_మాస్టారు:
ఇంకో చిన్న ముక్క, మన వైపుది. ఈ గొడవ యుద్ధమై 1781లో యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ ఉన్నాడే, ఆయనే 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1793లో ఆయన బెంగాల్లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతే 1802 నుంచి మన ఉత్తర సర్కారులకి కూడా తెచ్చారు. జమీందార్లు, వాళ్ళు కంపెనీకి కట్టే పేష్కషు, అదంతా.

డల్లాస్_నాన్న:
అందరికీ థాంక్స్, వాడికి చదివి వినిపించా. శీనూ, స్మగ్లర్ల పాయింట్ చార్టు మీద రాసుకున్నాడు, టీచర్ ఏమంటుందో. లక్ష్మి గారూ, మీకో ప్రశ్న. పుస్తకంలో మొత్తం నాలుగు ఓడలు బయల్దేరాయని ఉందట, మీరు మూడే చెప్పారు, నాలుగోది ఏది అంటున్నాడు.

బోస్టన్_లక్ష్మి:
చురుకైనవాడే! దాని పేరు విలియం. తుపానుకి కేప్ కాడ్ దగ్గర ఒడ్డుకి ఎక్కేసింది. అందులో టీ చాలావరకు బాగానే బయటపడింది, పారబోసేవాళ్ళకి దక్కలేదు. అదే ఓడలో బోస్టన్ వీధులకి తెప్పించిన దీపాలు కూడా ఉన్నాయి, అవి పగలకుండా చేరితే తర్వాత ఏడాది ఊళ్ళో వెలిగించారు.