లోపల ఏదో బాగాలేదని మీకు ముందు ఎలా తెలుస్తుంది? ప్రార్థనలో ఆ మాట అనగలుగుతున్నారా?

మెట్టుగూడ అక్క:
నాకైతే ముందు కోపం వస్తుంది. కుక్కర్ గిన్నె తోమకుండా సింక్‌లో కనబడితే చాలు, పిల్లల మీద గొంతు లేస్తుంది. రెండో గుర్తు మోకాళ్ల మీద ఉన్నప్పుడే తెలుస్తుంది. "స్తోత్రం ప్రభువా" అంటూనే ఉంటాను, సంఘంలో అందరి పేర్లూ వస్తాయి, అత్తగారి మందుల ఖర్చు గురించి మాత్రం ఒక్క మాటా రాదు. మీ సంగతి చెప్పండి.

ఉప్పల్ తమ్ముడు:
నాకు ఒళ్లే చెబుతుంది అక్కా. అమీర్‌పేటలో మెట్రో మారేటప్పుడు ఛాతీ బరువెక్కుతుంది. గుండె పరీక్షలు చేయించాను, అంతా బాగానే ఉందన్నారు. పొద్దున పూజలో నోరు విష్ణు సహస్రనామం చదువుతుంటే, మనసు టీమ్ లీడ్‌కి జవాబులు వెతుక్కుంటుంది. అలాంటప్పుడు ఇప్పుడు పుస్తకం మూసేసి, "స్వామీ, ఉద్యోగం పోతుందేమోనని భయంగా ఉంది" అని పైకే అనేస్తున్నాను. టెన్షన్ పోలేదు. కానీ దేనికి భయపడుతున్నానో తెలుస్తోంది.

నల్లకుంట:
దేవుడితో అలా మాట్లాడొచ్చంటారా? మా ఇంట్లో పటం ముందు ఫిర్యాదు చేస్తే తప్పు అనేవారు.

కార్వాన్ మాస్టారు:
గోల్కొండ కోటలో రామదాసు చెర చూసే ఉంటారు. సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని తానీషా కాలంలో కంచర్ల గోపన్నను అక్కడే బంధించారు, పన్నెండేళ్లని చెబుతారు. ఆ మనిషి రాముణ్ణి ఊరికే పొగుడుతూ కూర్చోలేదు. సీతమ్మ చింతాకు పతకానికి ఎంత పోశానో లెక్క చెప్పి మరీ నిలదీశాడు, నోరారా తిట్టాడు. ఆ వెంటనే, దెబ్బలు ఓర్వలేక తిట్టానయ్యా అని బతిమాలుకున్నాడు. మనం మాత్రం ఆయన్ని పరమభక్తుడనే అంటున్నాం. కాబట్టి నల్లకుంట గారూ, ధైర్యంగా అడగండి. మీ బాధ విన్నంత మాత్రాన దేవుడు చిన్నబుచ్చుకోడు.

మెట్టుగూడ అక్క:
మాకూ అంతే మాస్టారూ. బైబిల్లో 88వ కీర్తన చివరి వరకూ చీకటే, ఓదార్పు మాటతో ముగియదు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకుంటే దూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చాడు. నాకు ఆ భాగం చాలా ఇష్టం.

వార్డు సిస్టర్:
ఏలీయా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఇష్టమైన కూర కూడా సయించకపోయినా, చచ్చిపోతే బాగుండు అనిపించినా, ప్రార్థన మానక్కర్లేదు, కానీ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అనగానే నవ్వే ఊరు మనది. దయచేసి ఆ నవ్వుకు భయపడి ఆగిపోకండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి.

నల్లకుంట:
నంబర్ సేవ్ చేసుకున్నాను సిస్టర్. మాది రెండు గదుల ఇల్లు. అందరూ ఉంటారు, పైకి అనడమే కష్టం.

మెట్టుగూడ అక్క:
పైకే అనాలని లేదమ్మా. బైబిల్లో హన్నా ప్రార్థిస్తుంటే పెదవులు కదిలాయి గానీ గొంతు వినిపించలేదు, యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు కూడా. అయినా దేవుడు విన్నాడు. నేను చాలాసార్లు పాత లెక్కల నోట్‌బుక్ వెనక పేజీలో రాస్తాను: "ప్రభువా, ఈ నెల మందులకు డబ్బుల్లేవు, నాకు విసుగొస్తోంది." నువ్వూ ఒక వాక్యంతో మొదలుపెట్టు.