అగర్ ముక్కల ప్రయోగంలో చిన్న ముక్క లెక్కకు అందడం లేదు

జీవకణాలు ఎందుకు చిన్నవిగా ఉంటాయో పిల్లలకు కళ్లారా చూపించాలని ఈ ప్రయోగం మొదలుపెట్టాను. జెల్లీలా గడ్డకట్టే 2 శాతం అగర్‌లో ఫినాఫ్తలీన్ (క్షారంలో గులాబీ రంగు చూపే సూచిక), కొద్దిగా సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం కలిపి, 1, 2, 3 సెం.మీ. ఘనాలుగా కోసి వెనిగర్‌లో వేశాను. ముక్కను కణంగా, వెనిగర్ ఆమ్లాన్ని కణంలోకి చేరే పదార్థంగా అనుకోవాలి; ఆమ్లం చేరిన మేర గులాబీ రంగు పోతుంది.

20 నిమిషాల తర్వాత మధ్యకు కోసి స్కేలుతో కొలిచాను. 2, 3 సెం.మీ. ముక్కల్లో రంగు అన్ని వైపులా 4 మి.మీ. లోతు పోయింది. పెద్దదాని నడుమ 22 మి.మీ. గులాబీ గడి నిక్కచ్చిగా మిగిలింది, చూడ్డానికి చాలా బాగుంది. ఆ లెక్కన 1 సెం.మీ. ముక్కలో 2 మి.మీ. చుక్క మిగలాలి కదా? పూర్తిగా తెల్లబడింది!

ఒకే పోతలోంచి కోశాను. ఒక్కో ముక్కకు విడి గ్లాసు, 200 మి.లీ. కొత్త వెనిగర్. అడుగు అంటుకోకుండా రెండేసి నిమిషాలకు తిప్పాను. మూడుసార్లూ అదే ఫలితం.

ఆరు వైపుల నుంచి వచ్చే ఆమ్లం నడుమ కలుసుకోవడం వల్ల చిన్న ముక్కలో చివరి మిల్లీమీటరు నిజంగానే త్వరగా రంగు పోతుందా, లేక నా పద్ధతిలోనే తప్పుందా?