వాన్ హ్యూట్స్ రెజిమెంట్ పేరు మార్చాలా?

కృష్ణాతీరం:
కొరియా యుద్ధంలో పోరాడిన డచ్ పటాలం వాన్ హ్యూట్స్ రెజిమెంట్‌ది. 1950లో, డచ్ వాళ్ళ వలస ఇండోనేషియా చేజారిన మరుసటి ఏడాదే, రద్దవుతున్న వలస సైన్యపు సంప్రదాయాన్ని నిలబెట్టడానికి ఆ రెజిమెంట్‌ను ఏర్పరచారు. ఇండోనేషియాలోని ఆచే ప్రాంతాన్ని అణచివేసిన సేనాని వాన్ హ్యూట్స్ పేరే పెట్టారు, నేటికీ అదే ఉంది. మార్చాలని నా వాదన.

పాతసిపాయి:
అంగీకరించను. 1951 ఫిబ్రవరి 12 రాత్రి కొరియాలోని హోంగ్‌సాంగ్ దగ్గర చైనా సైనికులు తాము దక్షిణ కొరియా వాళ్ళమని నమ్మించి, తూటాలు అయిపోయాయంటూ దగ్గరికి వచ్చి ప్రధాన స్థావరంపై విరుచుకుపడ్డారు. డచ్ కమాండర్ డెన్ ఔడెన్ అక్కడే మరణించారు. అధికారిని పోగొట్టుకున్న ఆ పటాలమే మూడు రోజులకు వోంజు దగ్గర 325వ కొండ ఎక్కింది. అందరూ స్వచ్ఛందంగా వెళ్ళినవాళ్ళే. ఆ యుద్ధంలో సుమారు 120 మంది డచ్ వాళ్ళు చనిపోయారు. వాళ్ళ గుర్తును చెరిపేస్తారా?

గోదావరిగట్టు:
కొరియాకు వెళ్ళింది రెజిమెంట్ మొత్తం కాదు, ఒక్క బెటాలియన్.

పాతసిపాయి:
నిజమే, అమెరికా 38వ రెజిమెంట్ కింద పోరాడింది. అంత మాత్రాన త్యాగం తగ్గుతుందా?

గోదావరిగట్టు:
తగ్గదు. వివరం సరిగ్గా ఉండాలన్నాను.

కృష్ణాతీరం:
త్యాగాన్ని ఎవరు కాదన్నారండీ? 1904లో ఆచేలోని కుటా రే గ్రామంలో డచ్ అధికారి వాన్ డాలెన్ దళం స్త్రీలు, పిల్లలతో సహా 500 మందికి పైగా చంపింది. అప్పుడు ఆచే గవర్నర్ వాన్ హ్యూట్సే. ఆ ఫొటో చూడండి. శవాలు, వాటి నడుమ ప్రాణాలతో కూర్చున్న ఒక పసిబిడ్డ.

పాతసిపాయి:
మా తాతగారు 1945లో బ్రిటిష్ ఇండియా సైన్యంతో ఇండోనేషియాలోని సురబయ వెళ్ళి తిరిగి రాలేదు. మా ఊరి స్తూపం మీద ఆయన పేరు లేదు. మా నాయనమ్మకు చదువు రాదు. ఏటా ఆగస్టు 15న నన్ను పట్టుకెళ్ళి ఆ రాయి మీది పేర్లన్నీ పైనుంచి కిందికి చదివించేది. పేరు పోవడమంటే ఏమిటో నాకు తెలుసు.

కృష్ణాతీరం:
మీ తాతగారిని అక్కడికి పంపిందీ సామ్రాజ్యమే కదా.

పాతసిపాయి:
ఆయన జోలికి రాకండి! ఎవరు పంపారో ఆయన చేతిలో లేదు.

కృష్ణాతీరం:
క్షమించండి, అలా అనకుండా ఉండాల్సింది. అయితే నా బాధా అదే. మీ నాయనమ్మ వెతికింది తాతగారి పేరు కోసం, ఆయనను పంపిన సేనాని పేరు కోసం కాదు. డెన్ ఔడెన్ పేరు రెజిమెంట్‌కు పెట్టండి, చేతులెత్తి మొక్కుతాను.

పాతసిపాయి:
వాళ్ళు ఆ పేరు భుజాన వేసుకునే చనిపోయారు. తీసేసే హక్కు బతికున్న మనకు లేదు.

కృష్ణాతీరం:
కుటా రే వాళ్ళ మనవళ్ళకు కూడా లేదా?

పాతసిపాయి:
దానికి ఈ రాత్రి జవాబు చెప్పలేను.