ఇంట్లో చేసుకున్న జీన్ టెస్ట్ రిపోర్టు డాక్టర్‌కి చూపిస్తే మీకేం చెప్పారు?

చిన్నకూతురు:
అమ్మకి 43 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నాకూ వస్తుందేమోనని టెన్షన్. ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించుకుని లాలాజలం పంపాను. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే మార్పులుండే రెండు బీఆర్‌సీఏ జీన్లలో అలాంటి మార్పులేవీ కనబడలేదని వచ్చింది. మా డాక్టర్‌గారు ఒకసారి తిరగేసి, "బాగానే ఉంది కదమ్మా, ఇక భయం లేదు" అన్నారు. అయినా మనసు కుదుటపడలేదు. మీకెవరికైనా ఇలా జరిగిందా?

ఓపీ డాక్టర్:
మీ అనుమానం సరైనదేనండి. ఆయన్ని తప్పుపట్టలేను, నేనూ అదే పని చేశాను. మేం చదివేటప్పుడు జెనెటిక్స్ అంటే మెండెల్ బఠాణీలు, నాలుగైదు వంశపారంపర్య జబ్బులు. ఇలాంటి రిపోర్టు ఎలా చదవాలో ఎవరూ చెప్పలేదు. మొదటిసారి ఒక పేషెంట్ తెచ్చినప్పుడు, తెలియదని చెప్పడానికి మొహమాటపడి "పర్వాలేదు" అనేశాను. ఆ రాత్రి కూర్చుని చదివితే గుండె జారింది. 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఇంటికే కిట్ పంపే ట్వంటీత్రీ అండ్ మీ కంపెనీకి అనుమతించిన బీఆర్‌సీఏ టెస్ట్ అప్పట్లో చూసింది మూడే మూడు మార్పుల్ని. అవీ ఎక్కువగా అష్కెనాజీ యూదుల్లో, అంటే మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న యూదుల్లో కనిపించేవి. జబ్బుకి దారితీసే మార్పులు ఆ రెండు జీన్లలో వెయ్యికి పైనే ఉన్నాయి. మర్నాడే ఆ పేషెంట్‌కి ఫోన్ చేశాను. మీ రిపోర్టులో ఎన్ని చూశారో రాసి ఉంటుంది, వెతకండి.

చిన్నకూతురు:
చివరి పేజీలో ఉంది సార్. మూడే.

ల్యాబ్‌మనిషి:
మా అన్నయ్యది దీనికి పూర్తిగా తలకిందులు. కంపెనీ ఇచ్చిన రా డేటాని, అంటే విశ్లేషించని జీన్ వివరాల ఫైల్‌ని, ఇంకో సైట్‌లో పెడితే, గుండెజబ్బు తెచ్చే మార్పు ఉందని చూపించింది. డాక్టర్ కూడా నమ్మారు. రెండు నెలలు ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. క్లినికల్ ల్యాబ్‌లో మళ్లీ చేయిస్తే అసలు ఆ మార్పే లేదు! 2018లోనే ఒక ల్యాబ్ 49 నమూనాలు సరిచూసి, రా డేటాలో కనబడిన మార్పుల్లో 40 శాతం తప్పని తేల్చింది. ఈ టెస్టుల్లో చాలావరకు జీన్ మొత్తాన్ని చదవవు. చిప్ మీద ముందే ఎంచుకున్న చోట్లనే చూస్తాయి. అరుదైన మార్పుల దగ్గర ఆ చిప్ బాగా పొరబడుతుంది.

వార్డ్ సిస్టర్:
మందుల సంగతీ అంతే. జీన్ రిపోర్టులో ఏదో ఉందని, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మందుని సొంతంగా మానేసినవాళ్లని చూశాను. స్టెంట్ వేసినవాళ్లు అలా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. దయచేసి అడగకుండా ఆపకండి.

ఓపీ డాక్టర్:
చిన్నకూతురుగారూ, ముందు అమ్మగారికి పూర్తి టెస్ట్ చేయించండి. జబ్బు వచ్చినవాళ్లలో మార్పు ఏదో తెలిస్తే, మీలో అది ఉందో లేదో కచ్చితంగా చెప్పొచ్చు. జీన్ టెస్టుల గురించి వివరించి సలహా ఇచ్చే జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఎవరికి ఏ క్యాన్సర్, ఏ వయసులో వచ్చిందో రాసి తీసుకెళ్లండి. నాన్నగారి వైపు కూడా.

చిన్నకూతురు:
అమ్మ రక్తం ఇస్తానంది సార్. కాగితం మీద పేర్లు రాస్తుంటే, పెద్దమ్మ పోయింది అండాశయ క్యాన్సర్‌తోనని ఇవాళే చెప్పింది. ఇన్నాళ్లూ మాకు కడుపునొప్పి అనే చెప్పారు.