డిమెన్షియాలో యాంటీసైకోటిక్ మందుల వల్ల నిజంగా మేలుంటుందా?

ప్రశ్న:
మా అమ్మకు అల్జైమర్స్ అని తేలి నాలుగేళ్లయింది. మూడు వారాలుగా తన పర్సు ఎవరో ఎత్తుకుపోయారంటూ బీరువాలోని బట్టలన్నీ లాగి కింద పడేస్తోంది, స్నానానికి చెయ్యి పట్టుకుంటే కొడుతోంది. డాక్టరుగారు రిస్పెరిడోన్ అనే యాంటీసైకోటిక్ (భ్రమలు, తీవ్రమైన ఆందోళన తగ్గించడానికి వాడే మందు) రాశారు. ఆ మందుతో వచ్చిన కాగితంలో మరణాల గురించిన హెచ్చరిక చదివాక మొదలుపెట్టడానికి మనసొప్పడం లేదు. దీనితో అనుమానాలు తగ్గుతాయా, లేక మత్తుగా పడుకోవడమేనా?

జవాబు:
నేను మానసిక వైద్యురాలిని. మేలు ఉంది, అయితే స్వల్పం. కొట్టడం, తీవ్రమైన ఆందోళన కొంత తగ్గవచ్చు గానీ, పర్సు పోయిందన్న నమ్మకం మీద ఈ మందుల ప్రభావం చాలా తక్కువ. అమెరికాలో 421 మంది అల్జైమర్స్ రోగులకు ఒలాంజపైన్, క్వెటియాపైన్, రిస్పెరిడోన్ అనే యాంటీసైకోటిక్‌లలో ఒకటి లేదా ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) ఇచ్చి చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. అందులో కనిపించిన కాస్త ప్రయోజనాన్నీ దుష్ప్రభావాలు హరించివేశాయి. మీరు చదివిన హెచ్చరికను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో జారీ చేసింది: డిమెన్షియా రోగులపై ఈ మందులతో చేసిన 17 పరీక్షలను కలిపి చూస్తే, సుమారు పది వారాల్లో ప్లాసిబో తీసుకున్నవారిలో 2.6 శాతం మంది, మందు తీసుకున్నవారిలో 4.5 శాతం మంది మరణించారు. అందుకే తనకో ఇతరులకో హాని జరిగేంత తీవ్రత ఉన్నప్పుడు, మిగతా ప్రయత్నాలు ఫలించనప్పుడు మాత్రమే వీటిని వాడాలి. లేని మనుషులు కనిపించడం, నడక బిగుసుకుపోవడం వంటివి ఉంటే లెవీ బాడీ డిమెన్షియా అనే మరో రకం డిమెన్షియా కావచ్చు. ఆ వ్యాధిలో ఈ మందులు ప్రమాదకరంగా వికటిస్తాయి కాబట్టి, ఆ సంగతి మీ డాక్టరుకు ముందే చెప్పండి.

మరో జవాబు:
మా నాన్నగారు ముద్ద నోటి దగ్గరకు తేగానే నా చెయ్యి తోసేసి అరిచేవారు. ముదిరిన జబ్బు లక్షణమనే అనుకున్నాం. ఒకరోజు గడ్డం గీస్తుంటే ఎడమ దవడ దగ్గర ఉలిక్కిపడ్డారు. చూస్తే పన్ను కింద చీము పట్టి ఉంది. పన్ను తీయించాక వారం తిరగకుండానే ఆ అరుపులు ఆగిపోయాయి. నొప్పి అని చెప్పలేని మనిషి ఇంకేం చేస్తారు?

వైద్యురాలి జవాబు:
ఇది చాలా ముఖ్యమైన మాట. 2011లో నార్వే సంరక్షణ గృహాల్లో 352 మందిపై వెలువడిన అధ్యయనంలో, ప్రధానంగా పారాసిటమాల్‌తో నొప్పికి క్రమపద్ధతిలో చికిత్స చేస్తే ఎనిమిది వారాల్లో ఆందోళన గణనీయంగా తగ్గింది. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందులు కూడా చూడాలి. అన్నీ చూశాక కూడా రిస్పెరిడోన్ తప్పనిసరైతే అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి. నాలుగు వారాల్లో గుణం కనిపించకపోతే డాక్టరు పర్యవేక్షణలో తగ్గించి మానాలి, కనిపించినా నాలుగు నెలల్లోపు ఆపి చూడాలి.

ప్రశ్న అడిగినవారు:
అమ్మకు అయిదు రోజులుగా విరేచనం కాలేదన్నది ఇది చదివాకే తట్టింది. రేపు ఆ సంగతి డాక్టరుగారికి చెప్పి, మూత్రపరీక్ష కూడా చేయిస్తాను. మాత్ర మొదలుపెట్టాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆయననే అడుగుతాను.