ల్యాబ్‌లో ఉమ్మడి పనులు: స్కాలర్లకు వంతులా, టెక్నీషియన్‌కే బాధ్యతా?

ట్రిస్_బేస్

యూనివర్సిటీలో ఒక బయోకెమిస్ట్రీ, మాలిక్యులర్ మెడిసిన్ గ్రూపు అనుకోండి. ఒక ప్రొఫెసరు, ఒక పోస్ట్‌డాక్, అయిదుగురు పీహెచ్‌డీ స్కాలర్లు, జనవరి నుంచి మే దాకా డిసర్టేషన్‌కి వచ్చే ముగ్గురు నలుగురు ఎమ్మెస్సీ పిల్లలు. మూడేళ్ల ప్రాజెక్టు వచ్చింది, మ్యాన్‌పవర్ కింద ఒక్కరికే డబ్బుంది. ఆ ఒక్కరు జేఆర్‌ఎఫ్ (ఫెలోషిప్ మీద చేరే జూనియర్ పరిశోధకులు) కావాలా, చెయ్యి తిరిగిన టెక్నీషియన్ కావాలా? జేఆర్‌ఎఫ్‌ని తీసుకుంటే బఫర్లు (పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణాలు), మీడియా (కణాల్ని పెంచే పోషక ద్రావణాలు), ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం), సెల్ స్టాకులు, లిక్విడ్ నైట్రోజన్, యాంటీబాడీల లెక్క, బయోమెడికల్ వేస్ట్ అన్నీ వంతులవారీగా పంచుకోవాలి.

నా ఓటు టెక్నీషియన్‌కే. గోడ మీద వంతుల చార్టు అంటిస్తే మొదటి నెల దాటాక దాని వైపు చూసేవాళ్లు ఉండరు. చీటీ లేని సీసాలు ఫ్రిజ్‌లో పోగుపడతాయి, నైట్రోజన్ డబ్బా అడుగంటుతుంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

బ్లాట్_బాధితుడు

మిగతావి ఎవరికిచ్చినా బఫర్లు మాత్రం ఇవ్వొద్దు. తన బఫర్ తను కలుపుకోవడం రాని స్కాలర్‌కి, బ్లాట్ (జెల్‌లోని ప్రోటీన్‌ని పొర మీదికి దించి యాంటీబాడీతో పట్టే పరీక్ష) చెడితే ఎక్కడ వెతకాలో కూడా తెలీదు.

ట్రిస్ అనే బఫర్ రసాయనం సంగతే చూడండి. లీటరు 1 మోలార్‌కి 121.1 గ్రాములు తూచి, 800 మి.లీ. నీళ్లలో కరిగించి, గాఢ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో పీహెచ్ దించి, ఆ తర్వాత లీటరుకి నింపుతాం. ఆసిడ్ పడేకొద్దీ ద్రావణం వేడెక్కుతుంది. ఆ వేడి మీదే మీటరు 7.5 చూపించిందని ఆపేస్తే, చల్లారాక అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఒక్కో డిగ్రీ చల్లబడితే ట్రిస్ పీహెచ్ దాదాపు 0.028 పెరుగుతుంది. అంటే 25 డిగ్రీల దగ్గర 7.5కి సరిచేసిన బఫర్ 4 డిగ్రీల కోల్డ్ రూములో 8.1 దగ్గర ఉంటుంది. ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (ప్రోటీన్ మీద చార్జి సున్నా అయ్యే పీహెచ్) 7.8 ఉన్న ప్రోటీన్, నెగటివ్ చార్జి ఉన్నవాటిని పట్టే రెజిన్ నింపిన క్యూ కాలమ్‌లోంచి నేరుగా బయటికొస్తుందని లెక్కేసుకుంటే, అక్కడ అది రెజిన్‌కి అంటుకోవడం మొదలెడుతుంది. సీసా మీద "ట్రిస్ 7.5" అని ఇంకెవరో రాసిపెట్టినప్పుడు ఈ అనుమానం ఎవరికి వస్తుంది?

ఇంకోటి. జెల్ నుంచి ప్రోటీన్‌ని పొర మీదికి దించే ట్రాన్స్‌ఫర్ బఫర్‌లో 25 మిల్లీమోలార్ ట్రిస్, 192 మిల్లీమోలార్ గ్లైసిన్, 20 శాతం మిథనాల్ కలిపితే చాలు, పీహెచ్ దానంతటదే 8.3 చుట్టూ కుదురుకుంటుంది. మీటరు పెట్టి ఆసిడ్ పోసే "జాగ్రత్తపరులు" ఉంటారు. క్లోరైడ్ చేరి కరెంటు పెరుగుతుంది, ట్యాంకు వేడెక్కుతుంది, జెల్ మెత్తబడుతుంది. చేతితో చేస్తేనే ఇవన్నీ ఒంటబడతాయి.

కల్చర్_రూమ్_తాళం

బఫర్ల విషయంలో మీ మాట ఒప్పుకుంటా. పాడైన బఫర్‌తో పోయేది ఒకరి రెండు రోజులు. కల్చర్ రూములో ఒకరి పొరపాటు గ్రూపంతటి ఏడాదిని తినేస్తుంది. వంతులు అక్కడ ససేమిరా పనికిరావు.

మైకోప్లాస్మా (కల్చర్‌లోకి చేరే అతి చిన్న బ్యాక్టీరియా) ఎందుకు ఇంత ఇబ్బందో కొత్తవాళ్ల కోసం చెప్తాను. మామూలు బ్యాక్టీరియా పడితే మర్నాటికి మీడియం మబ్బుగా మారుతుంది, పారేస్తాం. మైకోప్లాస్మా పడితే మీడియం తేటగానే ఉంటుంది, కణాలు బతికే ఉంటాయి, కాస్త మెల్లగా పెరుగుతాయి అంతే. దానికి సెల్‌వాల్ లేదు కాబట్టి పెనిసిలిన్ ఏమీ చెయ్యదు. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌ని కూడా దాటగలదు. ఈలోగా జీన్ ఎక్స్‌ప్రెషన్, మెటబాలిజం అన్నీ తారుమారు అవుతుంటాయి, మీరు దాన్ని మందు ప్రభావం అనుకుని గ్రాఫు గీస్తారు.

పట్టుకోవాలంటే యాంటీబయాటిక్ లేని మీడియంలో రెండు మూడు రోజులు పెంచి, ఫ్లాస్కు దాదాపు నిండాక పైనున్న మీడియం తీసి బ్యాక్టీరియాని గుర్తుపట్టే 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ ప్రైమర్లతో పీసీఆర్ చెయ్యాలి. డీఎన్‌ఏకి అంటుకునే డీఏపీఐ రంగు వేస్తే న్యూక్లియస్ బయట చుక్కలు కనిపిస్తాయి గానీ, తక్కువగా సోకినప్పుడు కంటికి ఆనవు. నెలకోసారి, ప్రతి సెల్ లైనుకీ (ఒకే మూలం నుంచి పెంచుకుంటూ వచ్చే కణాలు), అదే చెయ్యి చెయ్యాలి. బయటి ల్యాబు నుంచి వచ్చిన సెల్స్‌ని ఫలితం వచ్చేదాకా వేరే ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. అది లేకపోతే కనీసం రోజులో ఆఖరి పనిగా ముట్టుకోవాలి. మీడియం సీసా ఒక్కో లైనుకి ఒకటి.

ఫ్రీజింగ్‌ దగ్గరా ఇదే తంతు. వయల్‌కి 10 లక్షల నుంచి 20 లక్షల కణాలు, 90 శాతం సీరం, 10 శాతం డీఎంఎస్‌ఓ (గడ్డకట్టేటప్పుడు కణాల్ని కాపాడేది), నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబడేలా ఐసోప్రొపనాల్ డబ్బాలో రాత్రంతా మైనస్ 80లో. మర్నాడు నైట్రోజన్‌కి మార్చాలి. ఈ "మర్నాడు" దగ్గరే వంతుల పద్ధతి బోల్తా కొడుతుంది. వంతు మారింది, వయల్స్ మైనస్ 80లోనే నెలల తరబడి ఉండిపోయాయి, కరిగిస్తే సగం కూడా బతకలేదు. తప్పెవరిదని అడిగితే చార్టులో ఇద్దరి పేర్లుంటాయి.

ఎస్‌ఆర్‌ఎఫ్_ఆఖరేడు

మీరంతా టెక్నీషియన్ శాశ్వతంగా ఉంటాడన్నట్టు మాట్లాడుతున్నారు. ప్రాజెక్టు మూడేళ్లు. మూడో ఏడు సగంలోనే అతను వేరే ఉద్యోగం వెతుక్కుంటాడు, వెతుక్కోవాలి కూడా. అతని చేతిలో ఉన్న సెల్ స్టాకు లెక్క అతనితోనే వెళ్లిపోతుంది. జేఆర్‌ఎఫ్‌గా వచ్చినవాళ్లు పీహెచ్‌డీకి రిజిస్టరైతే ప్రాజెక్టు అయిపోయినా ల్యాబులో ఉంటారు.

రెండో వైపూ చూడాలి, నిజమే. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో) 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఫెలోషిప్ అయిదేళ్లతో సరి. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీ గడువు ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. జీతం ఆగాక సాగే నెలలకి ఆటోక్లేవ్ డ్యూటీ కూడా కలిస్తే బాధ ఎవరికి? పైగా వంతులన్నది పేరుకే. చివరికి ఫస్టియర్ వాళ్ల నెత్తినే పడుతుంది, గ్రూపులో అమ్మాయిలుంటే స్టాకు రిజిస్టరు రాయడం ఎలాగో వాళ్ల దగ్గరికే చేరుతుంది.

నేను వంతులకే ఓటేస్తా, ఒక షరతు మీద. వంతు వారానికి కాదు, ఆరు నెలలకు ఉండాలి. ఒకరికి కల్చర్ రూము, ఒకరికి కెమికల్స్, ఒకరికి పరికరాలు. దిగిపోయేవాళ్లు ఎక్కేవాళ్లతో కలిసి నెల రోజులు పనిచెయ్యాలి.

నికెల్_కాలమ్

టెక్నీషియన్ కావాలంటున్నారు సరే, పేపర్లో పేరు పెడతారా? దాని గురించి ఒక్కరూ ఎత్తలేదు.

ప్రోటీన్ తియ్యడం అంటే ప్రోటోకాల్ చదివి చేసేసే పని అనుకుంటారు. బ్యాక్టీరియాలో 37 డిగ్రీల్లో 1 మిల్లీమోలార్ ఐపీటీజీ (ప్రోటీన్ తయారీని మొదలెట్టించేది) పెడితే ఒక్కోసారి ప్రోటీన్ అంతా ఇన్‌క్లూజన్ బాడీల్లోకి, అంటే కరగని ముద్దల్లోకి పోతుంది. 18 డిగ్రీలకి దించి, 0.2కి తగ్గించి, రాత్రంతా పెంచితే కరిగే రూపంలో వస్తుందని తేల్చేది ఎవరు? కణాల్ని పగలగొట్టే లైసిస్ బఫర్‌లో, లోహాల్ని పట్టేసే ఈడీటీఏ ఉన్న ప్రోటియేజ్ ఇన్హిబిటర్ (ప్రోటీన్‌ని కోసే ఎంజైముల్ని ఆపే) ట్యాబ్లెట్ వేస్తే, ప్రోటీన్‌ని పట్టుకునే నికెల్ ఊడిపోయి నీలంగా ఉన్న రెజిన్ తెల్లబడుతుంది, డీటీటీ (రిడ్యూసింగ్ రసాయనం) ఎక్కువైతే గోధుమరంగుకి తిరుగుతుంది. ఇంకో ప్రోటియేజ్ ఇన్హిబిటర్ పీఎంఎస్‌ఎఫ్ నీళ్లలో గంటా రెండు గంటల్లో సగం విచ్ఛిన్నమైపోతుంది కాబట్టి సోనికేషన్‌కి (శబ్ద తరంగాలతో కణాల్ని పగలగొట్టడం) సరిగ్గా ముందు వెయ్యాలి. వాష్‌లో ఇమిడజోల్ (నికెల్‌కి అంటుకున్నవాటిని విడిపించేది) 20 మిల్లీమోలార్ చాలా, 40 కావాలా అన్నది ఒక్కో ప్రోటీన్‌కి జెల్ మీద చూసి తేల్చాలి. ఇదంతా చేసినవాళ్లకి చివర్లో "సాంకేతిక సహాయానికి కృతజ్ఞతలు" అని ఒక్క లైను.

మాడరేటర్

పేపర్లో పేర్ల సంగతి వేరే చర్చగా పెట్టుకుందామా?

నికెల్_కాలమ్

వద్దండి. పేరు రాదని తెలిస్తే మంచి టెక్నీషియన్ రాడు, వచ్చినా ఉండడు. ఇది ఈ చర్చలోదే.

రివ్యూయర్_రెండు

ఐసీఎంజేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) షరతులు నాలుగు: పని రూపకల్పనలోగానీ, డేటా సేకరణలోగానీ, విశ్లేషణలోగానీ గట్టి పాలు, రాతలో లేదా దిద్దుబాటులో పాలు, తుది ప్రతికి ఆమోదం, పనికి జవాబుదారీ. నాలుగూ ఉంటేనే రచయిత. బఫర్ కలిపినందుకు, ప్లేట్లు పోసినందుకు పేరు పెడితే రచయితల జాబితాకి విలువేముంటుంది?

నికెల్_కాలమ్

అదే పత్రంలో ఇంకో మాట ఉంది, అందరూ దాటేస్తారు. మొదటి షరతుకి తూగినవాళ్లకి రాతలో, దిద్దుబాటులో పాల్గొనే అవకాశం ఇవ్వాలి, ఆ అవకాశమే ఇవ్వకుండా "రెండోది లేదుగా" అని తప్పించడానికి ఈ షరతులు వాడకూడదని. డ్రాఫ్టు చూపించకుండా, దిద్దలేదు కాబట్టి పేరు లేదు అనడం ఎలా కుదురుతుంది?

ఎమ్మెస్సీ రికార్డుల్లో ఫాస్ఫేట్ కొలతకి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని రాస్తాం కదా. 1925 నాటిది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకి అప్పటికి హార్వర్డ్‌లో పీహెచ్‌డీ రాలేదు, అది 1930లో వచ్చింది. మాలిబ్డేట్ వేసి నీలం రంగు తెప్పించే బెంచి పని అది. పేపర్లో పేరుంది కాబట్టే నూరేళ్ల తర్వాతా రాస్తున్నాం.

రివ్యూయర్_రెండు

సుబ్బారావు గారిది కొత్త పద్ధతి కనిపెట్టడం. ఉన్న పద్ధతిని రోజూ నడపడంతో దాన్ని ముడిపెట్టకండి. మీరు చెప్పిన 18 డిగ్రీల ఉదాహరణకి మాత్రం పేరు ఇవ్వాల్సిందే, దాంట్లో నిర్ణయం ఉంది. ప్రాజెక్టు మొదట్లోనే ఏ పనికి పేరు, ఏ పనికి కృతజ్ఞత అన్నది రాసుకుంటే సరిపోతుంది. పేపర్లో ఎవరు ఏ పని చేశారో చెప్పే క్రెడిట్ పట్టికలో 14 పాత్రలున్నాయి, పరిశోధన చేయడం, వనరులు సమకూర్చడం కూడా అందులోవే.

ట్రిస్_బేస్

కొంత మారాను. బఫర్లు ఎవరివి వాళ్లే. కల్చర్ రూము, నైట్రోజన్, యాంటీబాడీ స్టాకు టెక్నీషియన్‌కి. ఆఖరేడు గారి భయానికి జవాబు: స్టాకు లెక్క అతని నోట్‌బుక్‌లో కాకుండా అందరికీ కనిపించే షీట్‌లో ఉండాలి. సెల్ లైను, పాసేజ్ (కణాల్ని ఎన్నోసారి కొత్త ఫ్లాస్కుకి మార్చారో), ఫ్రీజ్ చేసిన తేదీ, డబ్బాలో గడి, చివరి మైకోప్లాస్మా ఫలితం. వయల్ తీసినవాళ్లు అప్పుడే కొట్టెయ్యాలి.

యాంటీబాడీలు ఎందుకు ఒకరి చేతిలో ఉండాలంటే, వాడిన ప్రైమరీని (మన ప్రోటీన్‌ని పట్టే మొదటి యాంటీబాడీ) చెడకుండా దాచడానికి 0.02 శాతం సోడియం ఎజైడ్ వేస్తాం. ఎజైడ్, సెకండరీకి (ప్రైమరీని పట్టే రెండో యాంటీబాడీ) అంటించి బ్యాండు కనిపించేలా చేసే హెచ్‌ఆర్‌పీ ఎంజైముని చంపేస్తుంది. ప్రైమరీ దాచే ట్యూబుని ఎవరో కడక్కుండా సెకండరీకి వాడారనుకోండి, మెంబ్రేన్ మీద బ్యాండు రాదు, వారమంతా ప్రైమరీని తిట్టుకుంటారు. "ఎజైడ్ ఉంది" అన్న చీటీ ఉంటే తప్పిపోయే గొడవ ఇది. ఎజైడ్ ద్రావణాన్ని సింకులో పొయ్యడం కూడా తప్పు, రాగి, సీసం గొట్టాల్లో పేలుడు లవణాలు తయారవుతాయి.

ఎస్‌ఆర్‌ఎఫ్_ఆఖరేడు

షీట్ సంగతి బావుంది. మరి టెక్నీషియన్ సంక్రాంతికి ఊరెళ్తే నైట్రోజన్ ఎవరు నింపుతారు?

కల్చర్_రూమ్_తాళం

శిక్షణ పొందిన ఇద్దరి పేర్లు తలుపు మీద ఉండాలి, వాళ్లలో ఒకరు స్కాలరే. మట్టం చూడ్డానికి చెక్క స్కేలు ముంచి తీసి, మంచు గీత ఎంతవరకు పట్టిందో కొలవాలి. బోలు గొట్టం ముంచితే నైట్రోజన్ పైకి చిమ్ముతుంది. లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది, కాబట్టి డబ్బాతో పాటు మనిషి లిఫ్టులో ఎక్కకూడదు. డబ్బాని ఒంటరిగా పంపి, పై అంతస్తులో ఇంకొకరు దించుకోవాలి. మధ్యలో ఎవరూ ఎక్కకుండా లోపల బోర్డు పెట్టాలి. ద్రవంలో మునిగి ఉన్న వయల్ తీసేటప్పుడు ఫేస్‌షీల్డ్ తప్పనిసరి. మూత వదులుంటే లోపలికి దూరిన నైట్రోజన్ వేడి తగలగానే వయల్‌ని పేల్చేస్తుంది. ఎమ్మెస్సీ పిల్లల్ని ఈ పనికి పంపొద్దు, పండగైనా సరే.